పక్కవాళ్ళ సిగరెట్ పొగ మన మీదికి రాకుండా ఎలా చూసుకోవాలి: తిరుపతి, చిత్తూరులో ఉండేవాళ్ళ కోసం

అలిపిరి దగ్గర బ్యాగులు తనిఖీ చేసే చోట ఒకసారి గమనించండి. రోజుకు ప్యాకెట్ సిగరెట్లు కాల్చే మనిషి కూడా జేబులో ఉన్నది ముందే తీసేసి, ఒక్క మాట అనకుండా కొండెక్కుతాడు. పైన ఒక పూట ఉండనీ రెండు రోజులు ఉండనీ, రూములో వెలిగించడు, క్యూలో వెలిగించడు, దీన్ని ఎవరో తనకు చేసిన అవమానంగా కూడా అనుకోడు. తిరుమలలో పొగతాగకూడదని అందరికీ తెలుసు, అంతే. అదే మనిషి కిందికి దిగి బస్టాండుకు వచ్చాక పక్క బెంచీలో చంటిబిడ్డ ఉన్నా వెలిగిస్తాడు, ఎందుకంటే ఇక్కడ ఎవరూ ఏమీ అనరని కూడా అతనికి తెలుసు.

నేను కింద చెప్పేదంతా ఈ ఒక్క విషయం మీదే నడుస్తుంది. పొగతాగే మనిషి మంచివాడా చెడ్డవాడా అనే వాదనలోకి పోవద్దు. మన ఇల్లు, మన మెట్లదారి, మన హాస్టల్ రూము, మన ఆఫీసు, ఒక్కొక్కదాన్నీ "ఇక్కడ తాగరు" అని అందరికీ తెలిసిన చోటుగా చేసుకుంటూ పోవాలి. అది గొడవ లేకుండా జరిగే పనే, కానీ వరస తప్పితే గొడవ అవుతుంది, కాబట్టి వరసగానే చెప్తాను.

ముందు మీరు విషయం తెలుసుకోండి, ఎందుకంటే అవతలివాళ్ళు అడుగుతారు

"అంత దూరంలో తాగితే నీకేమవుతుంది?" అని అడిగినప్పుడు నీళ్ళు నమలకుండా జవాబు చెప్పగలగాలి. గదిలో చేరే పొగ రెండు రకాలు. తాగే మనిషి పీల్చి వదిలేది ఒకటి, వేళ్ళ మధ్య సిగరెట్ ఊరికే కాలుతూ ఉంటే కొస నుంచి లేచేది ఇంకొకటి. గదిలో నిండేది ఎక్కువగా ఈ రెండోదే, పైగా అది తక్కువ వేడిలో సగం సగం కాలి వస్తుంది, ఫిల్టర్ గుండా పోదు, అందుకే దానిలో విషం ఎక్కువ. పొగాకు పొగలో 7,000కు పైగా రసాయనాలు ఉంటాయి, వాటిలో దాదాపు 70 క్యాన్సర్ తెచ్చేవి. బీడీ చిన్నదే కదా అంటారు గానీ బీడీ పొగలో నికోటిన్, తారు, కార్బన్ మోనాక్సైడ్ సిగరెట్ కంటే ఎక్కువే వస్తాయి.

1981లో జపాన్‌లో హిరాయామా అనే పరిశోధకుడు ఒక సంగతి బయటపెట్టాడు: జన్మలో సిగరెట్ ముట్టని ఆడవాళ్ళలో కూడా, భర్త పొగతాగే ఇంట్లో ఉన్నవాళ్ళకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎక్కువగా వస్తోంది. అప్పట్లో దాని మీద పెద్ద గొడవే జరిగింది. ఆ తర్వాత ఎన్నో అధ్యయనాలు అదే చెప్పాయి, 2006లో అమెరికా సర్జన్ జనరల్ (ఆ దేశ ప్రభుత్వ ప్రజారోగ్య పెద్ద) నివేదిక అన్నింటినీ కలిపి చూసి పక్కవాళ్ళ పొగకు "ఇంతవరకు పీలిస్తే ఫరవాలేదు" అనే మోతాదే లేదని తేల్చింది. ఇంట్లో గానీ పనిచోట గానీ ఈ పొగ పీల్చేవాళ్ళకు గుండెజబ్బు ముప్పు 25 నుంచి 30 శాతం, ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు 20 నుంచి 30 శాతం పెరుగుతుందని ఆ నివేదిక లెక్క. పిల్లలకైతే ఆస్తమా, న్యుమోనియా, చెవి ఇన్‌ఫెక్షన్లు. గర్భిణికైతే తక్కువ బరువుతో బిడ్డ పుట్టే ముప్పు.

ఇంకో లెక్క కూడా గుర్తు పెట్టుకోండి, ఇది మన దేశంది. 2016-17లో జరిగిన పొగాకు సర్వేలో పెద్దవాళ్ళలో 38.7 శాతం మంది ఇంట్లోనే పక్కవాళ్ళ పొగ పీలుస్తున్నామన్నారు, నాలుగు గోడల మధ్య పనిచేసేవాళ్ళలో 30.2 శాతం మంది పనిచోట పీలుస్తున్నామన్నారు. అంటే మనం బస్టాండులో ఎవరో తాగాడని మండిపడతాం గానీ అసలు పొగ ఇంట్లోనే ఎక్కువ. అందుకే మొదలు కూడా ఇంటి నుంచే.

మొదటి పని: పొగ ఏ దారిలో వస్తుందో కనుక్కోండి

అడగడానికి ముందు చూడండి. వాసన వచ్చిన ప్రతిసారీ టైమ్, ఏ గదిలో వచ్చింది అన్న రెండు ముక్కలూ ఫోన్లో రాసి పెట్టుకోండి. ఒక వారం రాసుకుంటే దారి తెలిసిపోతుంది. మన అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా బాత్రూముల వెనక ఉండే డక్ట్ (పైపులు పోయే నిలువు సందు) గుండా వస్తుంది, ఎందుకంటే కింది ఫ్లాటాయన బాత్రూములో తాగితే ఆ పొగ పైకి లేచి మన బాత్రూము వెంటిలేటర్‌లో దూరుతుంది. మెట్లదారి అయితే పొగగొట్టంలా పనిచేస్తుంది, కింద వాచ్‌మన్ బీడీ తాగితే మూడో అంతస్తు తలుపు సందులోంచి లోపలికి వస్తుంది. అనుమానంగా ఉంటే ఒక అగరుబత్తి వెలిగించి తలుపు కింద, వెంటిలేటర్ దగ్గర పట్టుకుని చూడండి, దాని పొగ లోపలికి వంగితే గాలి అటు నుంచి వస్తున్నట్టే.

ఎండాకాలంలో ఇంకోటి జరుగుతుంది. మన ఊళ్ళో ఏప్రిల్, మేలో కూలర్ లేకుండా గడవదు, కూలర్‌ని కిటికీకి ఆనించి పెడతాం. అది బయటి గాలిని లాగుతుంది, అంటే కిటికీ కింద ఎవరైనా తాగితే ఆ పొగనంతా పట్టి నేరుగా మంచం మీదికి తోలుతుంది. స్ప్లిట్ ఏసీది వేరే ఇబ్బంది, అది బయటి గాలి తీసుకోదు, ఉన్న గాలినే తిప్పుతుంది, కాబట్టి తలుపులేసిన ఏసీ రూములో ఒకరు ఒక్క సిగరెట్ తాగినా మిగతావాళ్ళంతా చాలాసేపు దాన్నే పీలుస్తారు. ఫ్యాన్ పొగను చెదరగొడుతుంది, బయటికి పంపదు. ఎయిర్ ప్యూరిఫయర్ సన్నటి రేణువుల్ని కొంత పడుతుంది గానీ వాయువుల్ని సరిగ్గా పట్టలేదు. సాంబ్రాణి వేస్తే వాసన మారుతుంది, పొగ మాత్రం ఇంకాస్త కలుస్తుంది. దయచేసి వీటి మీద డబ్బు పెట్టి సమస్య తీరిపోయిందని అనుకోకండి. గదిలో వెలిగించకపోవడం ఒక్కటే పనిచేస్తుంది.

దారి తెలిశాక మీ వైపు చేయగలిగింది చేసుకోండి: తలుపు కింద రబ్బరు పట్టీ, డక్ట్ వైపు వెంటిలేటర్‌కి మూత, కూలర్ ఇంకో కిటికీకి మార్చడం. ఇది సగం పనే. మిగతా సగానికి నోరు విప్పాలి.

ఇంట్లో పెద్దాయన తాగుతుంటే

ఇదే అన్నిటికంటే కష్టమైనది, కాబట్టి దీని మీద ఎక్కువసేపు మాట్లాడతాను. వరండాలో కుర్చీ, పక్కన పేపర్, చేతిలో బీడీ, నలభై ఏళ్ళ అలవాటు. ఇల్లు కట్టింది ఆయనే. ఆయన్ని అక్కడ తాగొద్దని చెప్పడమంటే ఇంట్లో ఆయన స్థానాన్ని తగ్గించినట్టు ఆయనకూ అనిపిస్తుంది, చెప్పేవాళ్ళకూ అనిపిస్తుంది. ఆ భయంతో అందరూ ఊరుకుంటారు, ఆ ఊరుకోవడం ఖరీదు మాత్రం పసిపిల్లలు కడతారు.

ఎవరు చెప్పాలన్నది ముందు తేల్చుకోండి. కోడలు చెప్పాల్సిన మాట కాదిది. కోడలు చెప్తే "వచ్చి ఏడాది కాలేదు, అప్పుడే ఆజ్ఞలా" అని మాట పొగ మీది నుంచి మర్యాద మీదికి పోతుంది. కొడుకు చెప్పాలి, లేదా కూతురు చెప్పాలి. ఆడబిడ్డ సెలవులకు వచ్చినప్పుడు నాన్నకు చెప్తే చాలా ఇళ్ళలో మాట చెల్లుతుంది. వాళ్ళెవరూ ముందుకు రాకపోతే బిడ్డను చూపించే పిల్లల డాక్టర్ దగ్గరికి తాతను కూడా తీసుకుపోండి, "ఇంట్లో ఎవరైనా పొగతాగుతారా?" అని డాక్టర్ ఎలాగూ అడుగుతారు, అడగకపోతే మీరే ఆ మాట ఎత్తండి.

ఎప్పుడు చెప్పాలంటే, బీడీ చేతిలో లేనప్పుడు. వెలిగించి ఉన్నప్పుడు అంటే అది తిట్టు అవుతుంది. చుట్టాలు ఉన్నప్పుడు వద్దు. పొద్దున కాఫీ తాగాక, ఇద్దరే ఉన్నప్పుడు, మీ మాటల్లో ఇలా చెప్పండి:

"నాయనా, నిన్ను మానమని అడగడం లేదు, అది నీ ఇష్టం. పాపకు రాత్రిళ్ళు దగ్గు తగ్గడం లేదు. ఇంటి లోపల, వరండాలో పొగ ఉండకూడదని డాక్టర్ చెప్పారు. గేటు బయట వేపచెట్టు కింద నీకు కుర్చీ వేయిస్తాను, అక్కడ కూర్చుని తాగు. ఇంటికొచ్చేవాళ్ళందరికీ ఇదే మాట చెప్తున్నాను."

ఇందులో చివరి వాక్యం ముఖ్యం. నీ ఒక్కడికే కాదు, ఈ ఇంటి పద్ధతి ఇది అని తెలియాలి. అలాగే కుర్చీ నిజంగా వేయాలి, ఎండ తగలని చోట, కిటికీలకు దూరంగా, పక్కన ఇసుక పోసిన డబ్బా పెట్టి. మోకాళ్ళ నొప్పులున్న మనిషిని రోజుకు పదిసార్లు మిద్దె దిగి రోడ్డు మీదికి పొమ్మంటే అది జరగదు, రెండు రోజులు పోయి మూడోరోజు బాత్రూములో తాగుతారు. చోటు చూపించకుండా వద్దనడం వల్లే చాలా ఇళ్ళలో ఈ ప్రయత్నం చెడిపోతుంది.

"ఒక్క గదిలో తాగితే సరిపోదా?" అని బేరం వస్తుంది. ఒప్పుకోకండి. పొగ తలుపు దగ్గర ఆగదు. కిటికీ దగ్గర నిలబడి తాగడం, బాల్కనీలో తాగి తలుపు వేయడం కూడా ఇంట్లో తాగినట్టే, మన ఫ్లాట్ల బాల్కనీల వెడల్పు మీకు తెలిసిందే. "మా నాయన ఎనభై ఏళ్ళు చుట్ట తాగి బతికాడు" అంటే తాతగారి గురించి వాదించొద్దు, ఆయన బతకడం నిజమే, సంతోషమే, ఇప్పుడు అడుగుతున్నది పాప దగ్గు గురించి అని మళ్ళీ అక్కడికే రండి. "కట్టెలపొయ్యి పొగలో పెరిగాం మేమంతా" అంటే అదీ మంచిది కాదనే కదా గ్యాస్ పెట్టుకున్నాం అని చెప్పండి.

తాగేది భర్తే అయితే, భార్య కడుపుతో ఉన్న సమయం కంటే మంచి సమయం లేదు. అప్పుడు చెప్పిన మాట మగవాళ్ళు వింటారు, నేను చూసినంతవరకు వింటారు. బిడ్డ పుట్టాక అయితే ఇంకో సంగతి కూడా చెప్పాలి: బయట తాగి వచ్చినా పొగ చొక్కాకు, చేతులకు, మీసాలకు అంటుకునే వస్తుంది, సోఫాలకూ పరుపులకూ పట్టి రోజుల తరబడి ఉంటుంది. నేల మీద పాకే బిడ్డ ఆ దుప్పటినే నోట్లో పెట్టుకుంటుంది. తాగి వచ్చాక చేతులు, మొహం సబ్బుతో కడుక్కుని, చొక్కా మార్చుకుని అప్పుడే ఎత్తుకోవాలి. కారులో అయితే అద్దం దించినా సరే, పిల్లలున్నా లేకున్నా తాగొద్దు.

చుట్టాల విషయం తేలిక. ఇంట్లో యాష్‌ట్రే ఉంటే తీసేయండి, అది కనపడితే తాగమన్నట్టే. మామో బావో జేబులో చెయ్యి పెట్టగానే, వెలిగించకముందే, "రా బావా, బయట నిలబడి మాట్లాడుకుందాం" అని మీరు లేవండి. అంతకంటే మాట అవసరం ఉండదు.

అద్దె పోర్షన్లు, అపార్ట్‌మెంట్లు

కొర్లగుంట, బైరాగిపట్టెడ లాంటి చోట్ల గోడకు గోడ ఆనుకున్న పోర్షన్లు, ఒకే మెట్లదారి. ఇక్కడ మొదటి తప్పు ఏంటంటే నేరుగా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టడం. "కొంతమంది సంస్కారం లేకుండా మెట్ల మీద సిగరెట్లు..." అని పెడితే ఎవరి గురించో అందరికీ తెలుస్తుంది, ఆయన పరువు పోయినట్టు అవుతుంది, ఇక పరువు కోసమే తాగుతాడు. ముందు తలుపు తట్టండి. సాయంత్రం పూట, ఆయన ఇంట్లో తీరికగా ఉన్నప్పుడు.

"అన్నా, ఒక చిన్న విషయం. రాత్రి పదిన్నరకు మీ బాత్రూము వైపు నుంచి సిగరెట్ పొగ డక్ట్‌లో పైకొచ్చి మా పిల్లల రూములో నిండిపోతోంది. అది మీకు తెలిసే అవకాశం లేదు, అందుకే చెప్తున్నాను. మిద్దెపైన తాగితే మాకు ఇబ్బంది ఉండదన్నా."

మీరు రాసిపెట్టుకున్న టైమ్, గది ఇక్కడ పనికొస్తాయి. "మీరు ఎప్పుడూ తాగుతారు" అంటే గొడవ, "పదిన్నరకు, ఆ డక్ట్‌లో" అంటే అది సరిచేయగల విషయం. నిజానికి చాలామందికి తమ పొగ పైకి పోతోందని తెలియనే తెలియదు. ఆడవాళ్ళు అడగాల్సి వస్తే ఆ ఇంటి ఆడవాళ్ళతో మొదలుపెట్టండి, తరచుగా ఆవిడకూ ఆ పొగతో ఇబ్బందే ఉంటుంది, మీ మాట ఆవిడకు తోడవుతుంది.

ఒకటి స్పష్టంగా చెప్పాలి: తన ఫ్లాట్ లోపల తాగేవాళ్ళను చట్టం ఆపలేదు. పొగాకు చట్టం బహిరంగ ప్రదేశాల గురించే మాట్లాడుతుంది. అందుకే ఇక్కడ మాట, ఇరుగుపొరుగు సంబంధం, అసోసియేషన్ తీర్మానం, ఇవే మనకున్న ఆధారాలు. అసోసియేషన్ మీటింగులో లిఫ్ట్, మెట్లు, పార్కింగ్, కారిడార్లు పొగ లేని చోట్లని తీర్మానం చేయించండి. తీర్మానంలోనే ఎక్కడ తాగొచ్చో కూడా రాయండి, ఉదాహరణకు మిద్దె మీద నీళ్ళ ట్యాంకు అవతలి మూల. బోర్డు మీద తిట్లు, హెచ్చరికలు వద్దు, ఇంత చాలు: "మెట్లు, లిఫ్ట్, పార్కింగ్‌లో పొగతాగరాదు. తాగేవారికి చోటు: మిద్దెపైన తూర్పు మూల. ఫిర్యాదులకు: సెక్రటరీ, ఫ్లాట్ నంబర్ ఇది." ప్రతి అంతస్తులో లిఫ్ట్ తలుపు పక్కన అంటించండి.

వాచ్‌మన్ గురించి ఒక మాట. చాలాచోట్ల ఫ్లాట్ ఓనర్లు తాగినా ఎవరూ అనరు గానీ వాచ్‌మన్ బీడీ వెలిగిస్తే అందరూ అరుస్తారు. ఇది అన్యాయం, పైగా దీనివల్ల నియమానికి విలువ పోతుంది. నియమం అందరికీ ఒకటే ఉండాలి, రాత్రంతా మెలకువగా ఉండే మనిషికి కూడా తాగడానికి చోటు చూపించాలి.

కొత్తగా అద్దెకు దిగేవాళ్ళు అడ్వాన్స్ ఇవ్వకముందే అడగండి, సాయంత్రం ఏడు తర్వాత ఒకసారి ఇల్లు చూసి రండి, పగలు చూస్తే పక్కింటి పొగ తెలియదు.

హాస్టళ్ళు, రూములు, ఆఫీసులు

మన ఊళ్ళో ఎస్వీ యూనివర్సిటీ చుట్టుపక్కలంతా చదువుకునే పిల్లలే, ఒక రూముకు ముగ్గురు నలుగురు. ఇక్కడ మాట మొదటిరోజే జరగాలి, కరెంటు బిల్లు ఎలా పంచుకోవాలో మాట్లాడుకునేటప్పుడే. "మచ్చా, రూములో వద్దు, బయట నీ ఇష్టం" అని మంచాలు వేసుకునే రోజున అంటే ఎవరికీ కష్టం ఉండదు, మూడు నెలలు ఓర్చుకుని ఒకరోజు పేలిపోతే స్నేహమే పోతుంది. ఆస్తమా ఉంటే దాచొద్దు, ముందే చెప్పండి. మాట వినకపోతే రూము మార్చమని వార్డెన్‌ని అడగండి. కాలేజీ, యూనివర్సిటీ భవనాల్లో పొగతాగడం చట్టరీత్యా నిషేధం, ప్రిన్సిపాల్‌కి జరిమానా వేసే అధికారం ఉంది. విద్యాసంస్థకు 100 గజాల లోపు సిగరెట్లు అమ్మకూడదు, 18 ఏళ్ళు నిండనివాళ్ళకు ఎక్కడా అమ్మకూడదు. గేటు పక్కనే బంకు ఉందంటే ఆ సంగతి రాతపూర్వకంగా ప్రిన్సిపాల్‌కి ఇవ్వండి.

ఆఫీసులో, షాపులో, గోడౌన్‌లో ఓనరే తాగితే ఏం చేయాలి? జీతం ఇచ్చే మనిషికి ఎదురు చెప్పమని నేను సలహా ఇవ్వను. నలుగురు కలిసి అడగండి, లేదా మేనేజర్ ద్వారా బోర్డు పెట్టించండి, బోర్డు పెట్టడం సంస్థ బాధ్యతే అని గుర్తుచేయండి. పనిచోటు కూడా చట్టంలో బహిరంగ ప్రదేశమే.

బస్టాండు, ఆటో, రైలు, హోటల్: ఇక్కడ చట్టం మీ వైపుంది

2003లో పొగాకు ఉత్పత్తుల చట్టం వచ్చింది, 2008 అక్టోబర్ 2 నుంచి బహిరంగ ప్రదేశాల్లో పొగ నిషేధం కొత్త నియమాలతో దేశమంతా అమల్లోకి వచ్చింది. అంతకుముందే 1999లో కేరళ హైకోర్టు, 2001లో మురళీ దేవరా కేసులో సుప్రీంకోర్టు ఇదే దారి చూపించాయి. ఆసుపత్రులు, ప్రభుత్వ ఆఫీసులు, కోర్టులు, సినిమా హాళ్ళు, హోటళ్ళు, షాపింగ్ మాల్స్, బస్సులు, ఆటోలు అన్నీ ఇందులోకి వస్తాయి. "ఇది ఓపెన్ ప్లేస్ కదా" అని బస్టాండులో వాదిస్తారు. రైల్వే స్టేషన్, బస్టాండు, స్టేడియం లాంటి జనం వచ్చే చోట్లు పైకప్పు లేకపోయినా నిషేధంలోనే ఉన్నాయని 2008 నియమాల్లో రాసి ఉంది. జరిమానా రూ.200 వరకు.

ఎక్కువమందికి తెలియనిది ఏంటంటే, బాధ్యత తాగినవాడిది మాత్రమే కాదు, ఆ చోటు నడిపేవాళ్ళది కూడా. గుమ్మం దగ్గర 60 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల ఎత్తు బోర్డు ఉండాలి, ఫిర్యాదు ఎవరికి చేయాలో పేరు కనపడేలా పెట్టాలి, యాష్‌ట్రేలు, అగ్గిపెట్టెలు ఇవ్వకూడదు. ఫిర్యాదు చేసినా పట్టించుకోకపోతే ఎంతమంది తాగారో అంత జరిమానా ఆ యజమాని మీద పడుతుంది. కాబట్టి హోటల్లో పక్క టేబుల్ ఆయనతో మీరు పెట్టుకోకండి, క్యాషియర్ దగ్గరికి వెళ్ళి చెప్పండి. 30 సీట్లు, అంతకంటే ఎక్కువ ఉన్న రెస్టారెంటు, 30 గదులు, అంతకు మించిన హోటల్ మాత్రమే విడిగా పొగతాగే గది పెట్టుకోవచ్చు. అంతకంటే చిన్న టిఫిన్ హోటల్‌కి ఆ వీలు కూడా లేదు. దర్శనానికి వచ్చిన చుట్టాలకు లాడ్జి బుక్ చేసేటప్పుడు ఎవరూ పొగతాగని గది కావాలని ఫోన్లోనే అడగండి, తాళం తీసుకునే ముందు గది వాసన చూడండి, కర్టెన్లకు, పరుపుకు పొగ పట్టి ఉంటే అక్కడే మార్చమనండి.

ఆటో డ్రైవరన్న సిగరెట్ వెలిగించి ఉంటే ఎక్కేముందే, "అన్నా, దిగేదాకా ఆపండన్నా, నాకు పడదు" అంటే తొంభై పాళ్ళు ఆపేస్తారు. బస్సులో కండక్టర్‌కి చెప్పండి. రేణిగుంటలో ఎక్కిన రైలులో బోగీ తలుపు దగ్గర, టాయిలెట్ దగ్గర తాగితే టీటీఈకి చెప్పండి, లేదా 139కి ఫోన్ చేయండి. రైల్వే చట్టం సెక్షన్ 167 ప్రకారం తోటి ప్రయాణికుడు అభ్యంతరం చెప్తే చాలు, ఆపాల్సిందే.

కళ్యాణమండపంలో భోజనాల హాలు వెనక, వంటవాళ్ళ దగ్గర గుంపుగా తాగుతుంటారు, పొగంతా పంక్తి మీదికి వస్తుంది. అక్కడ పెళ్ళి పెద్దల్లో ఎవరో ఒకరు "అబ్బాయిలూ, గేటు బయటికి పదండి" అంటే సరిపోతుంది. మీ ఇంటి పెళ్ళయితే ముందే ఒక మనిషికి ఆ పని అప్పగించండి.

ఎదురు తిరిగితే

"నా ఇష్టం, నీకు బాధైతే నువ్వే పో" అనేవాళ్ళు ఉంటారు. మందు వాసన వస్తుంటే, గుంపుగా ఉంటే, రాత్రి పూట అయితే ఒక్క మాట కూడా అనొద్దు, పక్కకు జరగండి. మీ ఊపిరితిత్తుల కోసం మొదలుపెట్టిన మాట దెబ్బల దాకా పోకూడదు. మిగతా సమయాల్లో ఒకసారి మర్యాదగా అడగండి, రెండోసారి బాధ్యుడికి చెప్పండి, మూడోసారి కాగితం మీద రాసి ఇవ్వండి. సబ్ ఇన్‌స్పెక్టర్, ఆపై పోలీసు అధికారులకు జరిమానా వేసే అధికారం ఉంది, ఊళ్ళలో అయితే పంచాయతీ కార్యదర్శికి, సర్పంచ్‌కి కూడా ఉంది. ఎదుటివాళ్ళ మొహం వీడియో తీసి పెట్టొద్దు, దానితో అసలు విషయం పక్కకు పోతుంది.

తాగేవాళ్ళు ఇది చదువుతుంటే

మీ మీద కోపంతో రాసింది కాదిది. నికోటిన్ మామూలు అలవాటు కాదు, మెదడు అడిగే వ్యసనం, మానాలనుకుని మానలేకపోవడంలో సిగ్గుపడాల్సింది లేదు. మానే దాకా అయినా లోపల వెలిగించకుండా ఉంటే చాలు, అది ఈ రోజే చేయగలరు. ఇల్లు పొగ లేకుండా చేసుకున్నవాళ్ళు తాగే సంఖ్య కూడా తగ్గుతుంది, మానడం తేలికవుతుంది, ఎందుకంటే కాఫీ తర్వాత, అన్నం తర్వాత చెయ్యి తనంతట తాను ప్యాకెట్ మీదికి పోయే చోట్లు తగ్గిపోతాయి.

మానాలనిపిస్తే ప్రభుత్వ ఉచిత నంబర్ 1800-11-2356, మీ సిగరెట్ ప్యాకెట్ మీదే అచ్చు వేసి ఉంటుంది. మొదటి వారం చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఆకలి ఉంటాయి. తాగాలనే కోరిక ఒక్కసారిగా వచ్చి కొద్ది నిమిషాల్లో తగ్గుతుంది, ఆ కొద్ది నిమిషాలు నడవండి, నీళ్ళు తాగండి, సోంపు నమలండి. ఇంట్లోవాళ్ళు ఆ వారం రోజులు ఆయన చిరాకును పట్టించుకోకండి, మధ్యలో ఒకటి తాగేసినా "నీవల్ల కాదులే" అనొద్దు, మరుసటి రోజు నుంచి మళ్ళీ లెక్క మొదలుపెట్టమనండి.